బండి బాగానే ఉందని మాత్రం అనకండి

త్రినాథ్ అన్నయ్యగారికి,

సోమవారం మా ఆయన పాత కారు మీ షెడ్డుకి తెస్తారు. ఫిల్టరు, ప్లగ్గులు మార్చినా మైలేజీ సగానికి పడిపోయిందని మండిపడుతున్నారు. బండికేం కాలేదండీ. కోల్డ్ స్టోరేజీలో చోటు దొరక్క మిర్చి బస్తాలు, ఆ టిక్కీలన్నీ వసారాలోనూ, పడగ్గదిలో కూడా పేర్చారు. నాకు ఉబ్బసం. ఘాటుకి ఊపిరాడటం లేదంటే, "రైతు పెళ్ళానికి మిరపకాయ పడదా?" అంటారు. అందుకే ఆయన మిర్చి యార్డుకి వెళ్ళగానే వాకిట్లో కారు స్టార్టు చేసి, ఏసీ వేసుకుని కూర్చుంటున్నాను.

బండి బాగుందంటే నా సంగతి బయటపడుతుంది. బాగుపడదంటే అమ్మేస్తారు. పాతబండి ఇంతే తాగుతుంది, ఇంకొన్నాళ్ళు నడుస్తుందని చెప్పండి. టిక్కీలు కదిలేదాకా నాకు గాలాడే గది ఇదొక్కటే.

ఇదీ కారులోనే రాస్తున్నాను. ఆయన బైకు వినిపిస్తోంది. ఇంజను ఆపేస్తున్నాను.