ఎవరి చేతులూ మండని ఊరు

శుక్రవారం, రాత్రి

నా రాత వంకర. తప్పులుంటే మన్నించాలి.

బావగారి కూతురు బడికోసం కథ రాసి చదివింది. అందులో ఊరంతా సుఖమే, ఎవరి చేతులూ మండవు.

"మరి మిరపకాయల తొడిమలు ఎవరు తీస్తారే?" అన్నాను.

"ఏంది పిన్నీ, కథలో నువ్వున్నావుగా. నీకు మంట అలవాటేగా."

అందరూ నవ్వారు. మా ఆయన ఇంకా ఎక్కువ నవ్వాడు.

"నన్ను తీసేసి మరియమ్మక్కను రాయవే," అన్నాను. మా కళ్లంలో కూలికొచ్చే ఆ మరియమ్మక్కే మధ్యాహ్నం నా చేతులకు కొబ్బరినూనె రాసింది.

పిల్ల నా పేరు కొట్టేసి ఆమె పేరు రాసింది.

"ఇప్పుడు బాగుందే కథ," అంది అత్తయ్య. నాకూ హాయిగానే అనిపించింది.

రేపు మళ్లీ ఆమె పక్కనే కూర్చోవాలి. నూనె తెస్తానంది.

ఆమెకు చదువు రాదు. ఈ కాగితం ఎవరికి దొరికినా ఆమెకు చదివి వినిపించకండి, పొయ్యిలో పెట్టండి.