పాఠం పాపకు కాదు

తమ్ముడు వినయ్‌కు,

నీ కూతురి నోట ఒక్క మాటైనా విన్నావా? నేను నిన్న విన్నాను.

మరదలు త్రివేణి చనిపోయినప్పటి నుంచి నాకు ఏడుపూ రావడం లేదు, ప్రార్థనా రావడం లేదు. పరిశుద్ధ గ్రంథం ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంటున్నాను. ఆమె మొదలుపెట్టిన మాటల పాఠాలు ఆగకూడదని, పోయిన వారం మన పాప కరుణను సిరోంచ నెట్ సెంటర్‌కు తీసుకెళ్లాను. పాపను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి బయటికి వస్తుంటే, మాటలు నేర్పే వరంగల్ మేడమ్ తెర మీద నుంచి నన్నే పిలిచింది.

"పాఠం పాపకు కాదండీ, ఇంట్లో ఉండే మీకు. పాపను ఏదీ అడగొద్దు. వస్తువు చూపించి, పేరు చెప్పి, ఆగండి."

"ఆగుడా? పాస్టరు నోరు మూస్తె సంఘమంత పరేషాన్ అయితది మేడమ్!"

నిన్న పొద్దున చెంబు చూపించి "నీళ్లు" అన్నాను. తర్వాత నా దగ్గర మాటలు లేవు. అట్లాగే కూర్చున్నాను. చాలాసేపటికి కరుణ "నీలు" అంది. నాలుగేళ్ల పిల్ల మొదటి మాట. నాకు సంతోషం కూడా కలగలేదు. నీళ్లు తాగించాను.

గ్రంథంలోని నత్తి నోటివాడికి దేవుడు నోరు మార్చలేదు, అన్నను తోడిచ్చాడని ఎన్నిసార్లు ప్రసంగించాను! నీకు అన్నగా నేనున్నాను. నువ్వేమో పాపను నాగపూర్‌లో మూగపిల్లల హాస్టల్‌లో వేస్తానంటున్నావు. అక్కడ దాని పక్కన ఎవరు ఆగుతారు?

రేపు పొద్దున మళ్లీ పాఠం ఉంది. పాప పక్క కుర్చీ తండ్రిది. ఈ ఉత్తరం నీకు భామ్రాగడ్ తెచ్చిన బస్సే మధ్యాహ్నం ఇక్కడికి తిరిగొస్తుంది. వాగు పొంగకముందే, ఈరోజే ఎక్కు.

నీ అన్న