నానబెట్టిన అరబ్బీ కాగితాలు

అమ్మా, నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది.

ఇక్కడ రియాద్‌లో నేను వంట చేసే ఇంటి మేడం, హాలోవీన్ అనే దయ్యాల పండగ అలంకరణకు ఓ దయ్యం తల చేసిపెట్టమంది. నువ్వు గంపలకు పూసేందుకు కాగితాలు నానబెట్టి, మెంతులు వేసి రుబ్బేదానివి కదా, అలాగే మొదలుపెట్టాను. ఇంట్లో ఉన్న పాత అరబ్బీ పేపర్లన్నీ చింపి నానబెట్టి రుబ్బేశాను.

డ్రైవర్ ఖాదర్‌భాయ్‌ది కడప. బకెట్ చూడగానే ఆయన ముఖం పాలిపోయింది.

"ఎంత పని చేసినావు సామీ! వాటిల్లో అల్లా పేరు ఉంటాది. దాంతో దయ్యాన్ని చేస్తావా? ఎవరన్నా చూస్తే నీ గతేమి?"

నాకు అరబ్బీ చదవడం రాదు. నీకు తెలుగు చదవడమూ రాదు. అయినా నానబెట్టే ముందు ప్రతి కాగితాన్నీ కళ్లకద్దుకునేదానివి. నేనెందుకు మరిచాను?

పారబోయాలన్నా భయం, ఆరబెట్టాలన్నా భయం. గుజ్జు అంటిన చేతులతోనే ఇది రాస్తున్నానమ్మా. కడిగితే ఆ నీళ్లు మోరీలోకే పోతాయి.