కాఫీ పిడి దగ్గర ప్రార్థన

అక్కయ్యకు,

ప్రభువు కృపలో నువ్వు, బావగారు, పిల్లలు చల్లగా ఉన్నారని తలుస్తూ కువైట్ నుంచి నీ చెల్లెలు రాసేది. ఫోనులో చెప్పచ్చు కదా అంటావు. నువ్వు స్పీకరు పెడతావు, ఇల్లంతా వింటుంది. ఇది అందరూ వినేది కాదు. మలికిపురం ఆవిడొకరు సెలవు మీద వస్తున్నారు, ఆవిడ చేతికిచ్చి పంపుతున్నాను.

నీ కాలి వాపు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, బెంగ పడకు. ఎండ మాత్రం పొయ్యి ముందు కూర్చున్నట్టే ఉంది.

మేడమ్ నన్ను ఇంటిపని మానిపించి తన కాఫీ కొట్లో పెట్టేరని చెప్పాను కదా. ఇంటిపనికి సెలవు లేదు. కొట్లో శుక్రవారం సెలవు, ఇక్కడ ఆరాధన ఆ రోజే. అందుకే ఒప్పుకున్నాను. కానీ మొదట్లో ఆ మిషను నా ప్రాణం తీసేసింది అక్కయ్యా. దానికి బటన్ ఉండదు. పొడి అణిచి బిగించి, పొడుగాటి పిడిని కిందికి లాగి పట్టుకోవాలి. వేడినీళ్లు పొడిలో ఇంకాక వదిలితే, లోపలి స్ప్రింగు పిడిని మెల్లిగా పైకి లేపుతూ కాఫీ దింపుతుంది. తొందరపడితే పులుపు నీళ్లు, ఆలస్యమైతే ఒకటే చేదు. మన ఫిల్టరులో నీళ్లు పోసేసి వేరే పని చూసుకునేవాళ్లం. ఇక్కడ అదే పొడి, అదే చెయ్యి, ఒక కప్పు తేనెలా దిగేది, రెండోది పారబోయాల్సొచ్చేది. మణికట్టు వాచింది. విసుగొచ్చి ఏడుపొచ్చేది. ఇలాగే అయితే మళ్లీ ఇంటిపనికి పొమ్మన్నారు మేడమ్.

ఆ భయంతో పిడి పట్టుకున్నప్పుడల్లా లోపల పరలోక ప్రార్థన చెప్పుకునేదాన్ని. ఒకరోజు మేడమ్ పక్కన నిలబడి చూసి, తన వచ్చీరాని హిందీలో అన్నారు: “నీ పెదవులు కదిలితే కాఫీ బాగుంటోంది. జనం వచ్చి మానేస్తే పాడవుతోంది. కదుపుతూనే ఉండు.”

చూసుకుంటే నిజమే. ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము’ అనే మాట దగ్గరికి వచ్చేసరికి నీళ్లు సరిగ్గా ఇంకుతున్నాయి. అక్కడ వదిలితే ప్రతి కప్పూ ఒక్కలాగే ఉంటోంది. బదులుగా అంకెలు లెక్కపెట్టి చూశాను. జనం ఎక్కువైతే అంకెలు పరిగెడుతున్నాయి. ప్రార్థనను పరిగెత్తించలేను కదా.

మేడమ్‌కి సంతోషం, నాకే మనశ్శాంతి లేదు. మొన్న శుక్రవారం ఆరాధనలో అందరం ప్రార్థన చెప్తుంటే, ఆ మాట దగ్గర నా కుడిచెయ్యి దానంతటదే లేచింది, పిడి వదలడానికి. చోటు చాలట్లేదేమోనని పక్కావిడ జరిగేరు. తర్వాతి మాటలు నాకు నోటికి రాలేదు. కొట్లో రోజూ అక్కడే ఆపేస్తాను మరి. క్షమించమని అడిగే మాట దాకా వెళ్లి ఎన్నాళ్లయిందో.

నా మణికట్టు వాపుకి రాసుకునే నూనె మలికిపురం ఆవిడ తిరిగొచ్చేటప్పుడు పంపు. బావగారికి నా వందనాలు, పిల్లలకు ముద్దులు. మీ ఇద్దరి దీవెనలు నాకు కావాలి. పడుకునే ముందు నా బదులు ఆ ప్రార్థన చివరిదాకా చెప్పు.

ఈ కాగితాలు నీ దగ్గరే దాచు అక్కయ్యా. అమ్మకి గానీ, పాస్టరుగారికి గానీ చూపించకు.

నీ చెల్లెలు,
సుగుణ