పచ్చ గుర్తు

2009 మార్చి 3, మంగళవారం

మొదటిసారి బొగ్గుగనిలోకి దిగాను. వెస్ట్ వర్జీనియా కొండ కింద ఏడు వందల అడుగులు. ఊపిరి ఆడలేదు. ఫోర్‌మన్ డ్వెయిన్ హెల్మెట్ మీది లైటు పైకి తిప్పి చూపించాడు. కప్పు నిండా ముప్ఫై కోట్ల ఏళ్ల నాటి చెట్లు, రాయిగా మారినవి. పడుకున్న మానులతో పేచీ లేదట. నిలబడినవి నిలబడినట్టే రాయైన మొద్దులే చంపుతాయట. చుట్టూ బెరడు నున్నటి బొగ్గు పొరగా మారిపోతుంది. పట్టు ఉండదు. చెప్పాపెట్టకుండా జారి పడతాయట.

నా పీహెచ్‌డీ అదే. బెరడు మీది గుర్తులు చూసి అది ఏ చెట్టో, పడుకుందో, నిలబడిందో చెప్పాలి. నిలబడితే మ్యాప్‌లో ఎర్ర గుర్తు. పడుకుంటే పచ్చ.

మార్చి 6

షాంటిలీలో మా ఇంటి నుంచి ఉమాకాంత్ ఫోన్. గనిలోకి దిగొద్దంటాడని, పగలంతా లైబ్రరీలో ఉన్నానని చెప్పాను. పెళ్లయ్యాక ఆయనతో మొదటి అబద్ధం.

మార్చి 11

రెండు సొరంగాలను కలిపే మూడో క్రాస్‌కట్‌లో లెపిడోడెండ్రాన్ చెట్టు! కాజూ కత్లీ ముక్కలు పేర్చినట్టు వరసలు వరసలుగా డైమండ్లు. ఒక్కోదాంట్లో ఆకు రాలిన మచ్చ. పన్నెండడుగుల మాను, హాయిగా పడుకుని ఉంది. కాసేపు భయం కూడా మర్చిపోయాను. ఫోటోలు తీశాను. పచ్చ పెట్టాను.

మార్చి 19

కప్పు కూలకుండా బోల్ట్‌లు బిగించే క్లైడ్ తన యాపిల్ పైలో సగం నాకిచ్చాడు. అరవై ఏళ్లుంటాయేమో. లంచ్ బల్ల మూడో క్రాస్‌కట్‌లోకి మార్చారట. నీ పచ్చ గుర్తు కిందే తింటున్నాం హనీ, గనిలో అంత సేఫ్ చోటు ఇంకోటి లేదు కదా అన్నాడు. గర్వంగా అనిపించింది.

మార్చి 22, ఆదివారం, మధ్యాహ్నం 2:40. షాంటిలీ

లాప్‌టాప్‌లో మూడో క్రాస్‌కట్ ఫోటో జూమ్ చేశాను. మళ్లీ చేశాను.

డైమండ్ల వరస ఒకచోట ఆగిపోయింది. విరిగితే అంచు గరుకుగా ఉండాలి. ఇది వంపు తిరిగి, కత్తితో కోసినట్టు ఆగింది. ఆ వంపు వెంట వెంట్రుకంత నల్ల గీత. మిగతాదంతా, బొగ్గు ధూళికి నిప్పంటుకోకుండా చల్లే సున్నపురాయి పొడి కింద ఉంది.

పడుకున్న మాను నిజమే. అది ఒక నిలబడ్డ మొద్దుకి ఆనుకుని పడింది.

దాని కిందే బల్ల.

3:15

డ్వెయిన్ ఫోన్ తీయడం లేదు. గని ఆఫీసులో ఎవరో మెసేజ్ రాసుకున్నారు. నా పేరు స్పెల్లింగే మూడుసార్లు అడిగారు. ష్యూర్ కాకపోతే గొడవ చేయొద్దన్నారు మా గైడ్ ప్రొఫెసర్. తప్పయితే మళ్లీ మనల్ని గనిలోకి రానివ్వరన్నారు. నేను ష్యూర్ కాదు.

ఉమాకాంత్‌కి అంతా చెప్పేశాను, లైబ్రరీ సంగతితో సహా. నీది తప్పయితే నవ్వుతారు వల్లీ, అంతేగా, నిజమైతే? అంటూ కార్ తాళాలు తీసుకున్నాడు.

మార్చి 23

పొద్దున ఆరింటికి గేటు దగ్గర డ్వెయిన్‌ని పట్టుకున్నాం. మెసేజ్ అందలేదట. గొణుక్కుంటూనే నన్ను కిందికి తీసుకెళ్లాడు. ఇనుప కడ్డీతో పొడి గీకాడు. మొద్దు వలయం మొత్తం బయటపడింది. మూడడుగుల వెడల్పు. కడ్డీతో తడితే డొల్ల చప్పుడు.

డ్వెయిన్ గొణగడం మానేశాడు. అందరినీ వెనక్కి పంపాడు. క్లైడ్ మిషన్ తెచ్చి దాని చుట్టూ బోల్ట్‌లు వేయబోయాడు. డ్రిల్ తగిలిందో లేదో, మొద్దు జారింది. నేలకు తగిలే దాకా చప్పుడే లేదు.

మిషన్ మీది ఇనుప గొడుగు క్లైడ్‌ని కాపాడింది. బయట ఉన్న ఎడమ చేతిని కాపాడలేదు.

పదకొండింటికి అక్కడ తొమ్మిదిమంది భోజనానికి కూర్చుంటారు.

మార్చి 25

హాస్పిటల్‌కి వెళ్లాను. క్లైడ్‌కి రెండు వేళ్లు తీసేశారు. క్షమించమని అడుగుదామనుకున్నాను. ఆయనే ముందు అడిగాడు, ఇంకా ఎన్ని పచ్చలున్నాయని. నలభై ఒకటి అన్నాను. కళ్లు మూసుకున్నాడు.

మార్చి 30

పచ్చలన్నీ చెరిపేశాను. ఇవాళ పదకొండు చోట్ల పొడి గీకాం. రెండు చోట్ల వలయాలు.

రేపు మళ్లీ దిగాలి.