ఆకురాయి పట్టిన చేయి

ప్రియమైన నాన్నకు,

పార్కులో చెట్లు కోసే పనిలో చేరి నెలయింది. ఈ చైను రంపం నా పరువు తీస్తోంది. తిన్నగా మొదలుపెట్టిన కోత సగానికొచ్చేసరికి కుడివైపు లాగేస్తోంది. పెచ్చులు లేవాల్సిన చోట పిండిలా పొట్టు రాలుతోంది, పైగా పొగ. రోజూ ఇంట్లో కూర్చుని చైను పళ్లకు ఆకురాయి పడుతూనే ఉన్నాను. ఒకప్పుడు నీతో పనిచేసిన మేస్త్రీ, "నువ్వు ఆయన కూతురివేనా?" అన్నాడు. నీ కోతలు అద్దంలా ఉండేవట. పదును ఎలా పెట్టేవాడివో కాస్త వివరంగా రాయి.

నీ చిట్టెలుక

చిట్టెలుకా,

దీనికి ఇంత కంగారెందుకు? ప్రతి పంటినీ ముందుకీ వెనక్కీ గట్టిగా రుద్దు. మెరిసేదాకా రుద్దు. చేయి తిరిగితే అదే వస్తుంది. అమ్మ కులాసా.

నాన్న

నాన్నా,

ఈసారి 'ప్రియమైన' అని రాయబుద్ధి కావడం లేదు. నువ్వు చెప్పినట్టే రుద్దాను. ఆకురాయి పాడైంది, చైను ఇంకా మొద్దుబారింది. దుంగలో ఇరుక్కున్న రంపాన్ని ముగ్గురు కలిసి లాగారు. ఇప్పుడు నా చేత కొమ్మలు మోయిస్తున్నారు. ముప్పై ఏళ్లు చేసిన పని సరిగ్గా చెప్పలేవా? ఆడపిల్లకెందుకని దాస్తున్నావా?

నీ కూతురు

ప్రియమైన తల్లీ,

నీ చివరి ప్రశ్న చదివాక ముద్ద దిగలేదు. నేను దాచలేదమ్మా, నాకు ఆ పని రాదు. నువ్వు బడికెళ్లాక రంపాన్ని వంటింటి బల్లకు బిగించి మీ అమ్మే పదును పెట్టేది. జనం నన్ను పొగిడితే తలూపేవాణ్ణి.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించి, ఎలాగో చెప్పమని అడిగాను. "అడగడానికి ఇన్నేళ్లు పట్టిందా?" అంది. ఆకురాయిని పంటి లోపలి నుంచి బయటికి మాత్రమే తొయ్యాలట, వెనక్కి తెచ్చేటప్పుడు పైకెత్తాలట. బాగా అరిగిన పన్ను చూసి మిగతావన్నీ దాని పొడవుకు తేవాలట. నీ చైనుకు ఒకవైపు పళ్లు పొడుగున్నాయి, అందుకే కోత వంకరపోతోందంది. ఆదివారం కొత్త ఆకురాయి పట్టుకుని తనే నీ దగ్గరికి వస్తోంది.

నిన్న పక్కింటి వడ్రంగి నా పాత కోతలను పొగిడాడు. ఆ పదును మీ అమ్మదని ఆమె ఎదుటే చెప్పాను. నవ్వాడు, నమ్మలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మాత్రం, "నాకు అలవాటేలే" అని లోపలికి వెళ్లిపోయింది.

నాన్న