రచన వదినకు వేప్ సంగతి

నార్తాంప్టన్,
16 నవంబరు 2025, ఆదివారం.

స్విండన్‌లో ఉన్న రచన వదినకు,

నీ ఆడబిడ్డ నీలిమ నమస్కారాలు. నువ్వూ, నా మేనకోడలు సహస్రా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మా ఆయన రితేష్‌కు ఆసుపత్రి రోటాలో ఈ వారం కూడా ఆదివారం డ్యూటీ పడింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, కుక్కర్‌లో పప్పు పెట్టి నీకు ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

నువ్వు నన్ను ఫోన్‌లో బ్లాక్ చేసి ఎనిమిది నెలలైంది. అందుకే కాగితం పట్టుకోవలసి వచ్చింది. తెలుగులో ఉత్తరం రాయడం హనుమకొండ హాస్టల్ నుంచి బాపుకు రాసినప్పుడే ఆఖరు. అక్షరాలు వంకరపోతున్నాయి, ఒత్తులు ఎక్కడివక్కడ పడుతున్నాయో లేదో తెలియదు. తప్పులుంటే నవ్వుకో, కానీ మధ్యలో చింపేయకు. చివరిదాకా చదవమని అడగడానికి కూడా నాకు హక్కుందో లేదో. అయినా అడుగుతున్నాను.

నిన్న లండన్‌లో ఈస్ట్ హామ్ వెళ్లి అన్నను చూసి వచ్చాను.

శుక్రవారం తను ఫోన్ చేసి, నీ సొలిసిటర్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందని చెప్పాడు. విడాకుల మాట అందులో నేరుగా ఉందా అని అడిగితే, ఉంది అన్నాడు. నాకు కాలు నిలవలేదు. పొద్దున్నే రైలెక్కాను.

నువ్వు వెళ్లిపొమ్మన్నాక అన్న ఉంటున్న గది ఎలా ఉంటుందో నువ్వు చూడలేదు కదా. కింద కూరగాయల షాపు, పైన మూడు గదులు, ముగ్గురికీ ఒకటే వంటగది. మెట్ల మీదికి కరివేపాకు, ఇంగువ వాసన వస్తుంది. నేను వెళ్లేసరికి అన్న షాపు ముందు పేవ్‌మెంట్ మీద నిలబడి సిగరెట్ తాగుతున్నాడు. నన్ను చూడగానే చేతిని వీపు వెనక్కి పెట్టుకున్నాడు. నలభై ఆరేళ్ల మనిషి, చెల్లెల్ని చూసి సిగరెట్ దాచుకున్నాడు వదినా. నేను చూడనట్టు పక్కకు తిరిగాను. రెండంతస్తుల మెట్లెక్కడానికి మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఆ దగ్గు నాకు తెలుసు. బాపు దగ్గు అది.

బాపు సంగతి నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు, పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. ఆయన యాభై నాలుగేళ్లకే పోయాడు. డాక్టర్ ఊపిరితిత్తుల ఎక్స్‌రే చూపించి, సిగరెట్ల వల్లేనని చెప్పినప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు. పదకొండో రోజు వచ్చిన చుట్టాలింకా వెళ్లకముందే అన్న చొక్కా జేబులో ప్యాకెట్ చూశాను. తండ్రిని తీసుకుపోయిన దాన్నే కొడుకు పట్టుకున్నాడని ఆ రోజంతా ఏడ్చాను. ఇక్కడికొచ్చాక నాకు దొరికిన ఎన్నో పనులు వదులుకుని, జనంతో సిగరెట్ మాన్పించే ఈ ఉద్యోగంలో చేరడానికి అదే కారణం.

నాలుగేళ్ల కింద, సిగరెట్ బదులు దీని ఆవిరి పీల్చుకొమ్మని అన్నకు ఆ వేప్ ఇచ్చింది నేనే. దాన్ని నేనెప్పుడూ దాచలేదు. ఇరవై రెండేళ్ల అలవాటు ఆరు వారాల్లో పోయింది. ఇంట్లో పరదాల వాసన కూడా మారిందని నువ్వు ఫోన్‌లో ఏడుస్తూ నవ్వావు. గరిజెలు చేసి డబ్బా నిండా పంపావు. ఆ గరిజెలు తిన్న నోటితోనే ఈ ఉత్తరం రాయాల్సి వస్తుందని అనుకోలేదు.

నిన్న గదిలో కూర్చున్నాక, నాలుగేళ్లు మానినవాడివి మళ్లీ ఎందుకు మొదలుపెట్టావు, కనీసం వేప్ అన్నా పట్టుకోవచ్చు కదా అని అడిగాను. "వేప్ ముట్టను నీలూ, దాన్ని చూస్తెనే పోరి పండుకున్న ఆసుపత్రి మంచం కండ్లల్లకొస్తది" అన్నాడు. మరి ఇదేంటి అని ప్యాకెట్ చూపించాను. "ఇదైతే నన్నొక్కన్నే సంపుతది" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

తర్వాత ల్యాప్‌టాప్ తెరిచి, నువ్వు పంపిన స్పీచ్ చూపించాడు. వచ్చే గురువారం స్కూలు హాల్లో తల్లిదండ్రుల మీటింగు ఉందని, మీ ఎంపీ కూడా వస్తున్నారని, అక్కడ నువ్వు మాట్లాడతావని తెలిసింది. వేప్‌ల గురించి పార్లమెంటులో బిల్లు నడుస్తోంది కాబట్టి, పండ్ల రుచులన్నీ పూర్తిగా తీసేయాలని అడగబోతున్నావని చదివాను. చాలా బాగా రాశావు. అబద్ధం చెప్పను, కొన్ని చోట్ల నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మార్చిలో సహస్ర స్కూలు నుంచి ఫోన్ రావడం, ఆఫీసు మీటింగు మధ్యలోంచి నువ్వు లేచి పరుగెత్తడం, పిల్ల కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే టీచర్ తల కింద తన కోటు మడిచి పెట్టడం. అన్నీ ఉన్నాయి. చివర్లో ఒక మాట ఉంది: "దీన్ని మా ఇంట్లోకి తెచ్చింది నా భర్తే." ఆ వాక్యం తీసేయమని అడుగు అని అన్నతో అన్నాను. "రాయనీ, నేను ఒప్పుకున్నదే గద" అన్నాడు.

మార్చి పదకొండు మధ్యాహ్నం ఆసుపత్రిలో నేనూ ఉన్నాను. నీ ఫోన్ రాగానే నార్తాంప్టన్ నుంచి కారులో వచ్చాను. డాక్టరమ్మ ఎంత నిదానంగా చెప్పిందో గుర్తుందా? వేప్ మామూలుదేననీ, అందులో పోసిన లిక్విడ్‌లో ఏదో మత్తు పదార్థం కలిసిందనీ, ఇలాంటి కేసులు చూస్తున్నామనీ. ఫోన్‌లో పరిచయమైన ఎవడో పార్కు దగ్గర సీసా అమ్మాడని సహస్ర చెప్పింది. ఆ సీసా కొనడానికి ముందు చాలా రోజుల నుంచే వేప్ తాగుతోందని కూడా తేలింది. నువ్వు స్కూలు బ్యాగ్‌లోంచి ఆ వేప్ తీసి మంచం మీద పడేసి, ఇది నీకెక్కడిదని అడిగావు. పిల్ల దుప్పటి మొహం మీదికి లాక్కుంది. అప్పుడు అన్న, "నాదే. నా డ్రాయర్లకెళ్లి తీసుకున్నట్టుంది" అన్నాడు. నువ్వు అన్న వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. నా వైపు కూడా అలాగే చూశావు. "మా ఆయన చేతిలో దీన్ని పెట్టింది నువ్వే కదా" అన్నావు.

వదినా, నీ పోరాటం తప్పని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. స్కూలు పక్క షాపు కిటికీలో చాక్లెట్ల పక్కన గులాబీ రంగు డబ్బాలు పెట్టేవాణ్ణి చూస్తే నాకూ రక్తం మరుగుతుంది. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు అమ్మకూడదని చట్టం ఉన్నా అమ్ముతూనే ఉన్నారు. వాడి పారేసేవాటిని జూన్ నుంచి నిషేధించారు, మరునాడే వాటిలాంటివే చార్జింగ్ పెట్టుకునేవి వచ్చాయి. ఆ రంగులూ, ఆ మిఠాయి పేర్లూ పోవాలి. ఆ మాట నేను ఎక్కడైనా సంతకం పెట్టి చెబుతాను.

కానీ నా దగ్గరికి బ్రయాన్ అని ఒక పెద్దాయన వస్తాడు. ఇక్కడి చెప్పుల ఫ్యాక్టరీలో తోలు కోసి కోసి రిటైరయ్యాడు. యాభై ఏళ్లు సొంతంగా చుట్టుకున్న సిగరెట్లు తాగాడు. ఇప్పుడు నిమ్మకాయ రుచి వేప్‌తో పద్నాలుగు నెలలుగా ఒక్క సిగరెట్ ముట్టలేదు. రేడియోలో వార్త విని పోయిన వారం నన్ను అడిగాడు, ఇది కూడా తీసేస్తారా అమ్మాయీ అని. ఇంకా ఏదీ తేలలేదు, ప్రభుత్వం అందరి దగ్గరా వివరాలు అడుగుతోంది అని చెప్పాను. పొగాకు రుచి ఒక్కటే మిగిలిస్తే నేను మళ్లీ పొగాకు దగ్గరికే పోతాను కదా అన్నాడు.

ఆ వివరాలు పంపడానికి డిసెంబరు మొదటి వారం దాకా గడువుంది. మా మేనేజర్ మా క్లయింట్ల అనుభవాలు రాసే పని నాకు అప్పగించింది. మూడు వారాలుగా ఆఫీసులో ఆ పేజీ తెరిచి కూర్చుంటున్నాను. బ్రయాన్ గురించి రాయబోతే సహస్ర గుర్తొస్తుంది. రుచులన్నీ తీసేస్తే పార్కు దగ్గర సీసాలమ్మేవాడి పంట పండుతుందని భయం. వాడు ఏ చట్టాన్నీ లెక్క చేయడు, ఎవరి వయసూ అడగడు. మరోపక్క, అది స్ట్రాబెర్రీలా ఉండకపోతే మన పిల్ల మొదటిసారి నోట్లో పెట్టుకునేదే కాదు కదా అనిపిస్తుంది. ఏది రాసినా ఎవరికో ఒకరికి అన్యాయం చేసినట్టే ఉంటుంది. ఇంతవరకూ ఒక్క లైను పడలేదు.

నువ్వు గురువారం మాట్లాడు. రుచులు వద్దని చెప్పాలనుకుంటే చెప్పు, అది నీ హక్కు. నేను అడిగేది వేరు. అన్నను ఇంటికి రానివ్వు. అది ఇప్పుడే కుదరకపోతే ఆదివారాలైనా సహస్రను చూడనివ్వు. ఫోన్ చేసినప్పుడు పిల్ల పది మాటల్లో ముగిస్తోందట. నీతో కూడా సరిగా మాట్లాడటం లేదనీ, గది తలుపు వేసుకుని ఉంటోందనీ అన్న చెప్పాడు. అలవాటు మానిన చిరాకు ఇన్ని నెలలుండదు వదినా. నా పని అనుభవంతో చెబుతున్నాను.

సొలిసిటర్‌కు జవాబివ్వడానికి అన్నకు రెండు వారాల గడువుంది. సంతకం పెట్టేస్తానంటున్నాడు. నువ్వు అడిగింది ఏదీ కాదనకూడదట. అతను మంచి తండ్రి. నీకు తెలుసు ఆ సంగతి.

పప్పు ఉడికినట్టుంది. ఉంటాను. సహస్రకు నా ముద్దులు.

ఇట్లు,
నీ ఆడబిడ్డ,
నీలిమ.

తా.క.: ఈ ఉత్తరం కవర్లో పెట్టి, స్టాంపు అంటించి, వీధి చివర పోస్టు డబ్బా దాకా వెళ్లాను. వేయలేక తిరిగొచ్చాను. కవరు చింపి ఇది రాస్తున్నాను.

ఆ వేప్ అన్న డ్రాయర్‌లోది కాదు. నాది. ఫిబ్రవరి సెలవుల్లో సహస్ర మా ఇంట్లో ఐదు రోజులుంది. క్లయింట్లకు ఇవ్వాల్సిన వేప్ కిట్ల సంచి నేను ఆఫీసులో తాళం వేసి పెట్టకుండా ఇంటికి తెచ్చి, తను పడుకున్న గదిలోనే అల్మారా కింద పెట్టాను. తను వెళ్లాక సోమవారం చూస్తే ఒక కిట్ లేదు, దాంతోపాటు స్ట్రాబెర్రీ సీసా లేదు. ఎవరు తీశారో నాకు ఆ నిమిషంలోనే తెలిసింది. పిల్లను అడగలేదు. నీకు చెప్పలేదు. ఆ కిట్ పాడైందని ఆఫీసు లెక్కల్లో రాసేశాను. తాళం సంగతి బయటపడితే ఉద్యోగం పోతుందని భయపడ్డాను. పిల్లలన్నాక ఒకసారి చూసి పారేస్తారులే అనుకున్నాను. మూడు వారాలకు నువ్వు ఫోన్ చేశావు.

ఆసుపత్రిలో నువ్వు ఆ వేప్ మంచం మీద పడేసినప్పుడు అన్న నా మొహం చూశాడు. అతని వేప్ అప్పుడు అతని కోటు జేబులోనే ఉంది. ఇది నా కిట్టేనని నా మొహంలోనే అర్థమై "నాదే" అన్నాడు. తర్వాత వరండాలో నా చెయ్యి పట్టుకుని, "నువ్ ఊకో. చెప్తే నీ నౌకరి పోతది. నన్నైతే రచన నాలుగొద్దులు తిట్టి ఊకుంటది" అన్నాడు. నాలుగు రోజులే అనుకున్నాడు. నేనూ అలాగే అనుకుని ఊరుకున్నాను. నువ్వు అన్నను వెళ్లిపొమ్మన్న రోజు కూడా ఊరుకున్నాను.

ఇంకొకటి. నువ్వు డాక్టర్‌తో మాట్లాడుతుండగా సహస్ర నన్ను పిలిచి, "అత్తా, షుడ్ ఐ టెల్ మమ్?" అని అడిగింది. తర్వాత చెబుదాంలే, ఇప్పుడు డాడీ చెప్పినట్టే ఉండనీ అన్నాను. పదిహేనేళ్ల పిల్ల నోరు నొక్కింది నేను. తను తలుపు వేసుకుని కూర్చుంటున్నది అందుకే. తన వల్ల డాడీ ఇల్లు వదిలాడని ప్రతిరోజూ చూస్తూ, నేను చెప్పిన మాటకే కట్టుబడి ఉంది.

రేపు పొద్దున మేనేజర్‌ను కలిసి అంతా చెప్పి, రాసిస్తాను. ఆ తర్వాత ఏమైనా కానీ. గురువారం నీ స్పీచ్‌లో అన్న ఉన్న చోట నా పేరు పెట్టి చదువు. నన్ను క్షమించాలా వద్దా అన్నది నిదానంగా ఆలోచించుకో. ముందు మాత్రం ఈ కాగితం పక్కన పెట్టి, సహస్ర గది తలుపు తట్టి, అత్త చెప్పేసిందని చెప్పు.